గది లోపలి నలుపు, గుమ్మం బయటి పేరు

మాటలు లేని సంగీతం గురించి దళిత విమర్శ మాట్లాడవచ్చా? మాట్లాడితే ఏం మాట్లాడుతుంది? ఈ ప్రశ్న మనల్ని ఎవరూ అడగరు. దళితుడు పాట గురించి మాట్లాడాలి, అందులోనూ తన పాట గురించే మాట్లాడాలి అన్నది మన విమర్శా రంగంలో ఎక్కడా రాసి లేకపోయినా అందరూ పాటించే నియమం. డప్పు గురించి రాయమంటే పది పత్రికలు అడుగుతాయి. వయోలా గురించి నువ్వెందుకు రాస్తున్నావని అడిగేవాళ్ళూ వాళ్ళే. అందుకే ఈ ప్రశ్న మనమే వేసుకోవాల్సొస్తుంది.

నిజానికి ఈ ఇబ్బంది బయటివాళ్ళు పెట్టింది మాత్రమే కాదు. మన లోపల కూడా ఉంది. 1985 కారంచేడు, 1991 చుండూరు తర్వాత తెలుగులో దళిత పాటకి వచ్చిన పదును పేర్లు చెప్పడం వల్ల వచ్చింది. ఊరి పేరు, చనిపోయినవాళ్ళ పేర్లు, చంపినవాళ్ళ కులం పేరు. అంతకు ముందు ఎక్కువగా 'పేదోడు', 'కూలోడు' అని ఉండే చోట మాల, మాదిగ అన్న మాటలు వచ్చి కూచున్నాయి. పేరు పెట్టి చెప్పడమే మన సౌందర్యశాస్త్రం అని మనం వాదించాం. సరిగానే వాదించాం. అట్లాంటి పాట చెవుల్లో నిండివున్న మనిషి, ఒక్క మాట లేని, ఒక్క పేరు చెప్పని, వినపడీ వినపడనట్టుండే ఇరవై ఐదు నిమిషాల సంగీతం ముందు కూచుంటే ఏమవుతుంది? మోర్టన్ ఫెల్డ్‌మన్ 1971లో రాసిన 'రోత్కో చాపెల్' గురించి నేను అడుగుతున్నది. దానికి జవాబుగా టైషాన్ సోరీ 2022లో చేసిన 'మోనోక్రొమాటిక్ లైట్ (ఆఫ్టర్‌లైఫ్)' గురించి కూడా. ఒకరు న్యూయార్క్ యూదుడు, ఇంకొకరు న్యూజెర్సీలోని న్యూవార్క్‌లో పుట్టిన నల్ల అమెరికన్. ఇద్దరి సంగీతమూ ఒకే గదిలోని చిత్రాల ముందు పుట్టింది.

ఛాంబర్ మ్యూజిక్ అంటే గది సంగీతమే. కొద్దిమంది వాయిద్యకారులు, ఒక్కొక్కరికి ఒక్కో భాగం, కొద్దిమంది శ్రోతలు. యూరప్‌లో ఆ గది మొదట ప్రభువుది, లేకపోతే బిషప్‌ది. మత చిత్రాల మీద గది సంగీతం రాయడం కూడా కొత్త సంగతి కాదు. 17వ శతాబ్దంలో బీబర్ అనే వయొలిన్ విద్వాంసుడు మేరీమాత జపమాల రహస్యాల మీద పదిహేను సొనాటాలు రాసి, ఒక్కోదాని నెత్తిన ఒక్కో చెక్కడపు బొమ్మ పెట్టి, సాల్జ్‌బర్గ్ ఆర్చిబిషప్‌కి అంకితమిచ్చాడు. బొమ్మ, సంగీతం, ప్రభువు, ముగ్గురూ ఒకే గదిలో ఉన్నారన్నమాట. ఆ గదికి గుమ్మం ఉంటుంది, గుమ్మానికి అవతల కొందరుంటారు. మన కచేరీ గది సంగతీ ఇంతే. మృదంగానికి తోలు పదును చేసి బిగించే దళిత క్రైస్తవ కుటుంబాల గురించి టి.ఎం. కృష్ణ 2020లో పుస్తకం రాస్తే, దాని ఆవిష్కరణకి ముందు హాలిచ్చిన కళాక్షేత్ర తర్వాత అనుమతి వెనక్కి తీసుకుంది. వాయిద్యం లోపలికి పోతుంది, చేసినవాడి పేరు బయట ఆగిపోతుంది. ఈ సంగతి మనసులో పెట్టుకొని హ్యూస్టన్ గదికి పోదాం.

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం హ్యూస్టన్ నగరంలో జాన్ డి మెనిల్, డొమినిక్ డి మెనిల్ అనే దంపతులుండేవారు. ఫ్రాన్స్ నుంచి వచ్చినవాళ్ళు. డబ్బు డొమినిక్ పుట్టింటివాళ్ళ ష్లుంబెర్జర్ కంపెనీది, చమురు బావులకి పరీక్షలు చేసే వ్యాపారం. భక్తులైన కాథలిక్కులు. 1964లో వాళ్ళు మార్క్ రోత్కో అనే చిత్రకారుణ్ణి ఒక ప్రార్థనా మందిరానికి చిత్రాలు వేయమని అడిగారు. మొదట అది కాథలిక్ విశ్వవిద్యాలయానికి చాపెల్‌గా అనుకున్నది. పూర్తయ్యేసరికి ఏ మతానికీ చెందని, అన్ని మతాలకీ తెరిచిన మందిరమైంది. ఎనిమిది ముఖాల గది. పద్నాలుగు చిత్రాలు. మూడేసి పలకలుగా కూర్చినవి మూడు, విడివిడిగా ఐదు. క్రీస్తు లేడు, మేరీ లేదు, శిలువ లేదు. నల్లటి, ఊదా, ముదురు ఎరుపు పొరలు మాత్రమే. పద్నాలుగు అన్న లెక్క క్రీస్తు శిలువ మోసిన దారిలోని పద్నాలుగు మజిలీలని గుర్తుచేస్తుందని చాలామంది అన్నారు. గుర్తుచేస్తుంది, చూపించదు. 1970 ఫిబ్రవరి 25న రోత్కో ఆత్మహత్య చేసుకున్నాడు. ఏడాది తర్వాత, 1971 ఫిబ్రవరిలో మందిరం తెరిచారు. తన చిత్రాలు ఆ గోడల మీద ఎట్లా ఉన్నాయో ఆయన చూడలేదు.

ఫెల్డ్‌మన్ రోత్కోకి స్నేహితుడు. నలభై దాటేదాకా కుటుంబపు బట్టల వ్యాపారంలో పనిచేస్తూ సంగీతం రాసుకున్న మనిషి. మందిరం ప్రారంభం తర్వాత డి మెనిల్ దంపతులు అడిగితే స్నేహితుడి జ్ఞాపకంగా ఈ కృతి రాశాడు. 1972 ఏప్రిల్‌లో ఆ గదిలోనే మొదటిసారి వినిపించారు. ఒక వయోలా, ఒక చెలెస్టా (చిన్న గంటల్లాగా మోగే కీబోర్డు వాయిద్యం), తాళ వాయిద్యాలు, ఒక స్త్రీ గొంతు, బృందగానం. పాడేవాళ్ళున్నారు గానీ పాడటానికి మాటల్లేవు. నోరు తెరిచో మూసో ఒక స్వరం పట్టుకొని నిలబడతారు, అంతే.

అందులో నాలుగు భాగాలున్నాయి. మొదటిది వయోలా ఏదో చెప్పబోయి ఆగినట్టుండే భాగం, వెనక తాళ వాయిద్యం దూరాన ఉరిమినట్టు. రెండోది బృందగానం కదలకుండా నిలబడే భాగం. ఇదే అందరికంటే రోత్కో చిత్రాలకి దగ్గరగా ఉంటుంది. గొంతులు ఒకదాని మీద ఒకటి పొరలుగా పరుచుకుంటాయి. ఏ పొర ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో చెప్పలేం. చిత్రం ముందు చాలాసేపు నిలబడితే నలుపులోంచి ఊదారంగు మెల్లగా పైకి వస్తుందంటారు గదా, అట్లా ఒక స్వరంలోంచి ఇంకో స్వరం పైకి వస్తుంది. మూడోది స్త్రీ గొంతు, వయోలా, తాళం మధ్య చిన్న మాటామంతీ. ఆ గొంతు పాడే వరస స్ట్రావిన్‌స్కీ అంత్యక్రియల ప్రార్థన న్యూయార్క్‌లో జరిగిన రోజున రాశానని ఫెల్డ్‌మనే చెప్పాడు. నాలుగోది వచ్చేసరికి ఒక ఆశ్చర్యం. అంతసేపూ రాగం అన్నది తెలియనట్టున్న సంగీతంలో వైబ్రాఫోన్ నాలుగే స్వరాలు ఊయలలాగా తిప్పుతూ ఉంటే, వయోలా ఒక పూర్తి పాట ఎత్తుకుంటుంది. నోటితో పాడుకోగలిగిన పాట. ఫెల్డ్‌మన్ పదిహేనేళ్ళ వయసులో కట్టుకున్నది. యూదుల సినగాగ్‌లో వినిపించే ప్రార్థనల ఛాయ ఉన్నది.

ఆ నాలుగో భాగం దగ్గరే ఆగి మాట్లాడాల్సింది చాలా ఉంది.

ఈ కృతి గురించి రాసేవాళ్ళు ఎక్కువగా వాడే మాటలు మనకి బాగా పరిచయమైనవే. 'సార్వజనీనం', 'మతాతీతం', 'కాలాతీతం', 'మౌనం'. మన దగ్గర కూడా ఒక రచన పైవాళ్ళకి నచ్చిందంటే ముందు దానికి సార్వజనీనత అనే దుప్పటి కప్పుతారు. కప్పాక లోపల ఉన్నవాడు ఎవడో కనపడదు. ఫెల్డ్‌మన్ విషయంలో లోపల ఉన్నది యూదుడు. ఆయన 1926లో పుట్టాడు. పదిహేనేళ్ళ వయసంటే 1941 ప్రాంతం. ఆ ఏడాదే యూరప్ తూర్పు భాగాన యూదుల్ని ఊళ్ళకి ఊళ్ళుగా గుంటల దగ్గర నిలబెట్టి కాల్చి చంపడం మొదలైంది. రోత్కో అసలు పేరు మార్కస్ రోత్కోవిచ్. పుట్టింది రష్యన్ సామ్రాజ్యంలోని ద్విన్‌స్క్‌లో, ఇప్పటి లాట్వియాలోని దౌగావ్‌పిల్స్. పదేళ్ళ వయసులో, 1913లో అమెరికా వచ్చేశాడు కాబట్టి బతికాడు. ఆ ఊళ్ళో మిగిలిన యూదుల్లో ఎక్కువమందిని 1941లోనే చంపేశారు. న్యూయార్క్‌లో పదిహేనేళ్ళ కుర్రాడు పాట కట్టుకుంటున్నప్పుడు ఇవన్నీ అతనికి తెలుసని నేననడం లేదు. తర్వాత ముప్పై ఏళ్ళకి, స్నేహితుడి చావు మీద రాస్తున్న సంగీతంలో, వేరే ఏ పాటా కాకుండా ఆ పాటనే బయటికి తీశాడు. అదీ తెలియకుండా చేశాడని అనలేం.

కాబట్టి ఈ మౌనం ఖాళీ మౌనం కాదు. ఒక జాతి మౌనం. తన పేరు చివరి నాలుగు నిమిషాల్లో, అదీ మాటలతో కాకుండా కొన్ని స్వరాల మధ్య దూరాలతో మాత్రమే చెప్పుకున్న మౌనం. ఇది నాకు గొప్పగా అనిపిస్తుంది. ఎందుకంటే పేరు చెప్పడానికీ పేరు దాచుకోవడానికీ మధ్య ఇంకో దారి ఉందని ఇది చూపిస్తుంది. వినేవాడు ఇరవై నిమిషాలు ఓపిక పట్టాకే ఆ పేరు చెవిన పడుతుంది. ఓపిక లేని విమర్శకుడికి మాత్రం అది 'మానవాత్మ గీతం' అవుతుంది. మనిషిని తీసేసి మానవాత్మని ఉంచుకోవడంలో అగ్రవర్ణ విమర్శకీ అమెరికన్ విమర్శకీ పెద్ద తేడా కనపడదు.

గది లోపలి కథ ఇదైతే, గది బయట ఇంకో కథ ఉంది.

మందిరం ముందు ఒక నీటి మడుగు. మడుగులో ఒక ఇనుప శిల్పం. కింద పిరమిడ్, దాని మొన మీద తలకిందులుగా నిలబెట్టిన స్తంభం, పైన విరిగిన అంచు. బార్నెట్ న్యూమన్ చేసిన 'బ్రోకెన్ ఒబెలిస్క్'. విరిగిన స్తంభం అనుకోవచ్చు. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపారు. మరుసటి ఏడాది హ్యూస్టన్ నగరానికి ఒక ఆధునిక శిల్పం కొనడానికి కేంద్ర నిధులు కొంత వస్తే, మిగతా డబ్బు మేమిస్తామని డి మెనిల్ దంపతులు ముందుకొచ్చారు. ఒకే షరతు. ఆ శిల్పం కింగ్‌కి అంకితం కావాలి. నగరం ఒప్పుకోలేదు. శిల్పం కావాలి, డబ్బు కావాలి, పేరు వద్దు. ఇది వింటుంటే మన ఊళ్ళల్లో అంబేద్కర్ విగ్రహం ఎక్కడ పెట్టాలన్న పంచాయితీలు గుర్తుకు రాకుండా ఉండవు. డి మెనిల్ దంపతులు ఆ శిల్పాన్ని తామే కొని, కింగ్ పేరుతో మందిరం ముందు పెట్టారు.

ఇదే శిల్పం అదే అచ్చుతో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది, న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. అదే ఇనుము, అదే విరుపు. అక్కడ కింగ్ అంకితం లేదు. రూపం తనంతట తాను ఎవరి పక్షమూ వహించదని దీన్నిబట్టి తెలుస్తుంది. పేరు ఎవరో ఒకరు పెట్టాలి. పెడితే ఎవరో ఒకరు కాదంటారు. కాదన్నప్పుడే ఆ రూపం మనదో కాదో తేలుతుంది.

ఆ పేరు మనకి పరాయిది కాదు. 1959లో కింగ్ భారతదేశం వచ్చినప్పుడు కేరళలో దళిత పిల్లలు ఎక్కువగా చదివే ఒక బడికి వెళ్ళాడు. అక్కడి ప్రిన్సిపాల్ ఆయన్ని పిల్లలకి అమెరికా నుంచి వచ్చిన మన తోటి అంటరానివాడు అన్న అర్థంలో పరిచయం చేశాడు. మొదట కింగ్‌కి కొంచెం ఎట్లాగో అనిపించిందట. తర్వాత ఆలోచించి, అవును, నేనూ అంటరానివాణ్ణే అని ఒప్పుకున్నానని 1965లో తన చర్చి ప్రసంగంలో చెప్పాడు. ఫెల్డ్‌మన్ కృతి మొదటిసారి వినిపించిన 1972లోనే బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది, నల్ల పాంథర్ల పేరు చూసి. ఇవి ఒకే సంవత్సరంలో జరగడం యాదృచ్ఛికమే. కానీ ఏ సంవత్సరంలో ఎవరు మౌనం గురించి ఆలోచిస్తున్నారు, ఎవరు పేరు గురించి ఆలోచిస్తున్నారు అన్నది యాదృచ్ఛికం కాదు.

ఇక్కడో తిరకాసుంది. గది లోపల పేరు లేని నలుపు, గది బయట నల్లవాడి పేరు. లోపలిది ధ్యానానికి, బయటిది చరిత్రకి. రంగు నలుపుకీ మనిషి నలుపుకీ సంబంధం లేదు, రోత్కో జాతి గురించి చిత్రాలు వేయలేదు అని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. కానీ ఏర్పాటు మాత్రం అట్లా కుదిరింది. ఫెల్డ్‌మన్ సంగీతం లోపలి గది గురించి రాసింది. బయటి మడుగులోని పేరు అందులో ఎక్కడా మోగదు. గుడి లోపల దేవుడు, గుడి బయట నందనార్ అన్న కథ మనకి తెలిసిందే గదా.

డి మెనిల్ దంపతుల్ని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. 1960లోనే వాళ్ళు పాశ్చాత్య కళలో నల్లవాళ్ళ బొమ్మలన్నీ సేకరించే పెద్ద పని మొదలుపెట్టారు, జాతి వేరుబాటుకి జవాబుగా. మందిరం తెరిచిన 1971లోనే హ్యూస్టన్‌లో నల్లవాళ్ళుండే ఫిఫ్త్ వార్డ్‌లో, డి లక్స్ అనే పాత సినిమా హాల్లో ఒక చిత్ర ప్రదర్శన పెట్టడానికి జాన్ డి మెనిల్ డబ్బిచ్చాడు. దాన్ని ఏర్పాటు చేసింది పీటర్ బ్రాడ్లీ, స్వయంగా నల్ల చిత్రకారుడు. నల్లవాళ్ళవి మాత్రమే కాకుండా నల్ల, తెల్ల చిత్రకారుల నైరూప్య చిత్రాలు కలిపి పెట్టాడు. సామ్ గిలియమ్, ఎడ్ క్లార్క్, ఆల్ లవింగ్ లాంటివాళ్ళు అందులో ఉన్నారు. ఈ ప్రదర్శనని గురించి మన దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. మాట్లాడాలి. ఎందుకంటే ఆ రోజుల్లో నైరూప్య చిత్రాలు వేసే నల్ల చిత్రకారుణ్ణి రెండు వైపుల నుంచీ ఒకే ప్రశ్న వేధించేది. నీ వాళ్ళ బాధ ఎక్కడ? నీ వాళ్ళ ముఖాలు ఎక్కడ? తెల్ల విమర్శకుడు అడిగేవాడు, సొంత ఉద్యమంలోవాళ్ళూ అడిగేవాళ్ళు. తెల్లవాడు గీత గీస్తే గీత. నల్లవాడు గీత గీస్తే ఆ గీత వెనక కొరడా కనపడాలి.

గోపాల్ గురు 2002లో మన సమాజ శాస్త్రాల గురించి లేవనెత్తిన వాదన దాదాపు ఇదే. సిద్ధాంతం చేసేది కొందరు, ఆ సిద్ధాంతానికి అనుభవం సరఫరా చేసేది ఇంకొందరు. పీహెచ్‌డీ కోసం కూచున్న మొదటి తరం విద్యార్థికి ఇది పుస్తకంలో చదివి తెలుసుకోవాల్సిన విషయం కాదు. కవిత్వ రూపం మీద, ఛందస్సు మీద పనిచేస్తానంటే, మీ జీవితానుభవం ఉంది గదా, దాని మీద చేయండి అని ప్రేమగా సలహా ఇస్తారు. ప్రేమగానే ఇస్తారు. అదే అసలు చిక్కు. అనుభవం మనది, రూపం వాళ్ళది అన్న పంపకం ఎప్పుడు జరిగిందో మనకెవరూ చెప్పలేదు.

ఈ వెలుగులో టైషాన్ సోరీని చూడాలి.

సోరీ 1980లో పుట్టాడు. డ్రమ్ములు వాయిస్తాడు, పియానో, ట్రాంబోన్ వాయిస్తాడు, కొలంబియా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేశాడు, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చేరి పాఠాలు చెప్పాడు. నల్లవాడు, డ్రమ్ముల ముందు కూచున్నాడు కాబట్టి జాజ్ అన్నారు. ఆ పేరుపలక తనకి సరిపోదని ఆయన చాలాసార్లు చెప్పాడు. ఆయనకి ఫెల్డ్‌మన్ అంటే అభిమానం. రోత్కో మందిరానికి యాభై ఏళ్ళయిన సందర్భంగా మందిరమూ, హ్యూస్టన్‌లోని డకామెరా సంస్థా, న్యూయార్క్‌లోని పార్క్ అవెన్యూ ఆర్మరీ కలిసి ఆయన్ని కృతి రాయమన్నాయి. 2022 ఫిబ్రవరిలో ఆ గదిలోనే మొదటిసారి వినిపించారు. వయోలా, తాళ వాయిద్యాలు, చెలెస్టా, బృందగానం, అన్నీ ఫెల్డ్‌మన్‌వే. పియానో కలిపాడు. ఒక్క పెద్ద మార్పు, స్త్రీ గొంతు స్థానంలో లోతైన మగ గొంతు. పాడింది డవోన్ టైన్స్ అనే నల్ల గాయకుడు. వాయించినవాళ్ళు కూడా ముఖ్యులే. కిమ్ కష్‌కాషియన్ వయోలా, సారా రోథెన్‌బర్గ్ కీబోర్డులు, స్టీవెన్ షిక్ తాళం. వీళ్ళే 2015లో వచ్చిన ఫెల్డ్‌మన్ రికార్డులో కూడా వాయించారు. అంటే ఒకే చేతుల్లోంచి రెండు జాతుల మౌనాలు వెలువడ్డాయి.

సోరీ నుంచి ఏమి ఆశించి ఉంటారు? మందిరం ముందున్న పేరు గట్టిగా వినపడుతుందని ఆశించి ఉంటారు. 2020లో జార్జ్ ఫ్లాయిడ్‌ని పోలీసులు చంపాక ఇంకా ఎక్కువ ఆశించి ఉంటారు. సోరీ డ్రమ్ముల మనిషి. వాయించి పగలగొట్టగలడు. ఆయన చేసింది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఫెల్డ్‌మన్ కన్నా మెల్లగా, ఫెల్డ్‌మన్ కన్నా చాలా ఎక్కువసేపు నడిచే సంగీతం రాశాడు. స్వరం స్వరానికీ మధ్య ఎడం అంతకంతకూ పెరుగుతుంది. ఒక దెబ్బ పడ్డాక రెండోది పడుతుందా లేదా అని ఎదురుచూడాలి. కోపం ఎక్కడుంది అని అడిగేవాడికి జవాబివ్వడు. నేను ఎప్పుడు మాట్లాడాలో, ఎంతసేపు ఊరుకోవాలో నేనే నిర్ణయించుకుంటానన్నది ఇందులో నాకు వినపడుతున్న మాట. నిదానం అన్నది ధనవంతుల సరుకు అనుకుంటాం. తీరిక ఉన్నవాళ్ళకి, పనికి పోనక్కర్లేనివాళ్ళకి. ఆ నిదానాన్ని నల్లవాడు లాక్కొని తన దగ్గర పెట్టుకోవడం చిన్న సంగతి కాదు.

అట్లాగని ఆయన పేరు వదిలేశాడా? లేదు. ఫెల్డ్‌మన్ కృతి చివర సినగాగ్ ఛాయ ఉన్న పాట వచ్చినట్టే, ఇక్కడ తల్లి లేని బిడ్డ గురించి నల్ల బానిసలు పాడుకున్న స్పిరిచువల్ వస్తుంది. ఆ బాస్ గొంతులో. అయితే గుర్తుపట్టడానికి వీల్లేనంత సాగదీసి. ఇక్కడ రెండు కృతుల మధ్య అసలు తేడా బయటపడుతుంది.

ఫెల్డ్‌మన్ పాటకి కర్త ఉన్నాడు. ఆయన వయసు కూడా మనకి తెలుసు. సోరీ తీసుకున్న పాటకి కర్త పేరు లేదు. బిడ్డల్ని తల్లుల చేతుల్లోంచి లాక్కొని వేరే ఊరి యజమానికి అమ్మేసిన కాలంలో పుట్టిన పాట. దాన్ని మొదట పాడిన మనిషి పేరు ఎవరూ రాసుకోలేదు, యజమాని ఖాతాలో ఆ మనిషి వెల మాత్రం రాసివుంటుంది. పేరు చెప్పకుండా ఉండటం వేరు, పేరు లేకుండా చేయబడటం వేరు. ఫెల్డ్‌మన్, రోత్కో పేర్లు చెప్పకూడదని ఎంచుకున్నారు. ఎంచుకునే వీలు వాళ్ళకుంది. మన దగ్గర మాల, మాదిగ, చిందు కళాకారుల పాటలు సేకరించి, 'జానపదం' అని పేరు పెట్టి, కర్త దగ్గర 'అజ్ఞాతం' అని రాసి డాక్టరేట్లు తీసుకున్నవాళ్ళని చూస్తూనే ఉన్నాం. అజ్ఞాతం ఎవరికి? పాడినావిడకి తన పేరు తెలుసు. కాబట్టి పేరు చెప్పడమే మన సౌందర్యశాస్త్రం అన్న వాదనని నేను వెనక్కి తీసుకోవడం లేదు. మౌనం కూడా మన చేతిలో ఉండాల్సిన పనిముట్టే, దాన్ని వాళ్ళకి రాసిచ్చెయ్యొద్దు అని మాత్రం అంటున్నాను.

సోరీ కృతి 2022 శరదృతువులో న్యూయార్క్ ఆర్మరీకి వెళ్ళింది. 19వ శతాబ్దంలో నగరంలోని ధనవంతుల కుటుంబాలవాళ్ళుండే సైనిక దళం కోసం కట్టిన భవనం అది. దర్శకుడు పీటర్ సెల్లర్స్. రోత్కో చిత్రాల స్థానంలో ఎనిమిది ముఖాల అమరికలోనే జూలీ మెహ్రెతు చిత్రాలు పెట్టారు. ఆమె అడిస్ అబాబాలో పుట్టిన నల్ల చిత్రకారిణి. వార్తా ఛాయాచిత్రాల్ని మసకబరిచి, వాటి మీద పొరలు పొరలుగా గీతలు గీసే పద్ధతి ఆమెది. హింస కింద ఉంటుంది, కంటికి ఆనదు. సోరీ సంగీతానికి ఇంతకంటే దగ్గరి బంధువు దొరకదు. ఇంతవరకూ నాకు సంతోషమే. కానీ సెల్లర్స్ దాంతో ఆగలేదు. బ్రూక్లిన్ వీధుల్లో పుట్టిన ఫ్లెక్స్ నృత్యం చేసేవాళ్ళని ప్రేక్షకుల చుట్టూ నిలబెట్టాడు. ఒళ్ళు విరుచుకుంటూ, కీళ్ళు తిప్పుకుంటూ చేసే నృత్యం. ఆ నర్తకుల ప్రతిభ గురించి కాదు నా పేచీ. వీధి నృత్యం ఆ ధనవంతుల భవనంలోకి పోవడాన్ని నేనెందుకు కాదంటాను? సంగీతం ఇవ్వనన్నదాన్ని దర్శకుడు వేరే తలుపులోంచి తెచ్చి వడ్డించాడని నాకనిపిస్తుంది. బాధపడే నల్ల శరీరాన్ని చూడటానికి వచ్చిన ప్రేక్షకుడికి అది దొరికింది. సోరీ శబ్దంలో దాచుకున్నదాన్ని కంటికి చూపించేశాక, చెవి ఇక కష్టపడాల్సిన పని లేదు. ఇదే పని మన నాటకాల్లో కూడా చేస్తారు. దళిత పాత్ర మాట్లాడకుండా నిలబడితే ప్రేక్షకుడికి అర్థం కాదేమోనని వెనక డప్పు కొట్టిస్తారు.

ఇంతా చేసి ఈ కృతి 2023లో పులిట్జర్ బహుమతికి చివరి జాబితాలో నిలిచింది. మరుసటి ఏడాది వేరే కృతికి, నల్ల సంగీతకారుడు వాడాడా లియో స్మిత్‌కి అంకితంగా రాసిన 'అడాజియో'కి, ఆ బహుమతి సోరీకి వచ్చింది. అడాజియో అంటే నిదానం. ఆయన పట్టు వదల్లేదని దీన్నిబట్టి అనుకోవచ్చు. బహుమతుల గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

సోరీని విన్నాక ఫెల్డ్‌మన్‌ని మళ్ళీ విన్నాను. ఒకటి గమనించాను. మూడో భాగంలో స్త్రీ గొంతు వెనక తాళ వాయిద్యం చేసే మెత్తటి సవ్వడి నాకు అంతకు ముందు వినపడలేదు. వయోలా మీదే చెవి ఉండింది. రికార్డులో అది చాలా వెనక, గుమ్మం అవతల ఎవరో నిలబడి కొట్టినట్టుంటుంది. సోరీ దాన్ని గదిలోకి తెచ్చి వయోలా పక్కన కూచోబెట్టాడు, శబ్దం పెంచకుండానే. ఇక ఆ స్పిరిచువల్ సంగతి. చిన్నప్పటి నుంచీ చర్చిలోనో ఇంట్లోనో ఆ పాట విన్నవాళ్ళకి మూడో స్వరం దగ్గరే తెలిసిపోతుంది. తక్కినవాళ్ళకి అది గోడల మీది నలుపు ముందు ఒక మగ గొంతు చాలాసేపు పట్టుకొని వదిలిన స్వరంగానే ఉండిపోతుంది.